బడి మడి నుంచి జాడీ దాకా

ప్రాథమిక పాఠశాలలో చదివే బిడ్డకు మధ్యాహ్న భోజనంలో రోజూ 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అందాలన్నది నిబంధన. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు కూరగాయలు 75 గ్రాములు. బియ్యం ప్రభుత్వమే ఇస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, వంటచెరకు వంటివాటికి 2023లో ప్రాథమిక స్థాయి బిడ్డకు కేంద్రం ఖరారు చేసిన ఖర్చు రోజుకు 5 రూపాయల 45 పైసలు. ఆ ఏడాది జులైలో టమాట కిలో వంద రూపాయలు దాటింది. ఒక్క బిడ్డకు 50 గ్రాముల టమాట కొంటే ఐదు రూపాయలు అక్కడే అయిపోయాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల బడుల్లో వంట చేసే మహిళలకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. రెండు నెలలు తిరిగేసరికి అదే టమాట ధర పడిపోయింది. కోత కూలి కూడా గిట్టక రైతులు పంటను పారబోశారు.

పండినప్పుడు పారబోయడం, లేనప్పుడు కొనలేకపోవడం. ఈ రెంటి మధ్య నిలబడే విద్య ఒకటి తెలుగు ఇళ్లలో ఉండేది. ఎండలు ముదిరితే డాబా మీద ఒరుగులు, వడియాలు. చలికాలంలో చింతకాయ తొక్కు, ఉప్పు ఉసిరి. సంక్రాంతి దాటాక పండుమిరప, ఉగాది తర్వాత మామిడి. పెంచడం ఒక పని, దాచడం ఇంకో పని అని ఎవరూ విడదీసి చూడలేదు. ఇప్పుడు పాఠశాల తోటల గురించి ప్రభుత్వాలు మాట్లాడే మాటల్లో మొదటి సగమే వినిపిస్తోంది. మొక్క నాటి ఫొటో తీసి పంపడంతో పని పూర్తవుతోంది. పండినదాన్ని ఎండబెట్టడం, ఊరబెట్టడం, విత్తనం కట్టుకోవడం కూడా పాఠంలో చేరితే తప్ప బడితోట రెండో ఏడాది దాకా బతకదు. ఉమ్మడి నల్గొండలోని ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల పల్లెలు ఆ పని మొదలుపెట్టడానికి తగిన చోటు. ఎందుకు తగినదో చెప్పాలంటే కాలువ దగ్గర మొదలుపెట్టాలి.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో జొన్న, సజ్జ, కంది, ఆముదం పండిన చేలు క్రమంగా వరి మళ్లయ్యాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణంగా పేరు తెచ్చుకుంది. మూసీ కాలువలు, శ్రీరాంసాగర్ రెండో దశ కాలువలు సూర్యాపేట వైపు వరిని విస్తరించాయి. కరువుతో అల్లాడిన జిల్లాకు ఈ నీళ్లు చేసిన మేలు చిన్నది కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే బడికి నడిచి వెళ్లే పిల్లవాడికి దారి పొడవునా కనుచూపు మేర పచ్చగానే ఉంటుంది గానీ, ఆ పచ్చదనంలో కూరలో వేయదగ్గది ఏదీ ఉండదు. ఒకప్పుడు గట్ల మీద కందిచెట్టో, పుంటికూరో, నాలుగు బెండ మొక్కలో ఉండేవి. కలుపు మందులు వచ్చాక గట్టు మీద గంగవాయిలి కూర, పొన్నగంటి కూర ఏరుకునే అలవాటు కూడా పోతోంది. వేసవిలో టమాట మదనపల్లె నుంచో, కోలారు నుంచో లారీ ఎక్కి రావాలి.

బియ్యానికి కొదవలేని రాష్ట్రం తెలంగాణ. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో అది 57.6 శాతం. కడుపు నిండటానికీ ఒంటికి పట్టడానికీ ఉన్న దూరం ఈ అంకెల్లో కనిపిస్తుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్ల పళ్లెంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. కూలికి వెళ్లే ఇంట్లో అందులో పావువంతైనా ఉండటం కష్టం.

కేంద్ర విద్యాశాఖ 2019 అక్టోబరులో పాఠశాల పోషకాహార తోటలపై మార్గదర్శకాలు పంపింది. విత్తనాలు, పనిముట్లు, ఎరువుల కోసం ఒక్కో బడికి 5,000 రూపాయలు ఇచ్చే వెసులుబాటు పెట్టింది. 2021లో మధ్యాహ్న భోజనం ‘పీఎం పోషణ్’గా మారాక కూడా తోటలు అందులో భాగంగానే కొనసాగాయి. జాగా లేని బడులు కుండీల్లో, డబ్బాల్లో, డాబాల మీద పెంచవచ్చన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ 5,000 రూపాయలతో గడ్డపార, పార, విత్తనాలు వస్తాయి. కంచె రాదు, నీటి గొట్టం రాదు, సెలవుల్లో నీళ్లు పోసే మనిషి రాడు.

తోటలో పండినదానితో భోజనం ఖర్చు తగ్గుతుందన్న ఆశ ఒకటి ఉంది. దాన్ని లెక్క వేసి చూడాలి. వందమంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు రోజుకు ఐదు కిలోల కూరగాయలు కావాలి. విద్యాహక్కు చట్టం చెప్పిన కనీసం 200 పనిదినాలకు అది వెయ్యి కిలోలు, అంటే పది క్వింటాళ్లు. బడికి ఒక గుంట జాగా దొరికిందనుకుందాం. కూరగాయ తోట బాగా పండి ఎకరానికి పది టన్నులు ఇచ్చిందనుకున్నా గుంటకు వచ్చేది రెండున్నర క్వింటాళ్లు. పిల్లల చేతుల్లో, ఎరువు అంతంత మాత్రంగా ఉన్న బడి మట్టిలో అందులో సగం వచ్చినా గొప్పే. బడితోట అంగడిని భర్తీ చేయలేదు. ఈ నిజం ముందే ఒప్పుకుంటే తోట మీద లేనిపోని భారం పడదు, ‘ఎన్ని కిలోలు పండించారు’ అని టీచర్‌ను నిలదీసే అధికారీ ఉండడు. తోట చేసే పని వేరు. తను విత్తిన తోటకూరను తనే కోసి ఇచ్చిన పిల్ల, ఆ రోజు పప్పులో ఆకును వేలితో పక్కకు నెట్టదు. తినే అలవాటు అక్కడ మొదలవుతుంది.

ఇక్కడే పంట కాలానికీ బడి కాలానికీ ఉన్న పేచీ బయటపడుతుంది. తెలంగాణలో బడులు జూన్ 12న తెరుస్తారు. తొలకరి కూడా దాదాపు అప్పుడే. రాత్రి నానబెట్టిన బెండ గింజలు ఆ వారంలో పెడితే జులై నెలాఖరుకో ఆగస్టు మొదట్లోనో తొలి కాయ వస్తుంది. బెండకాయకు ఒక గుణముంది. కొస విరిస్తే టప్పున విరగాలి. శుక్రవారం లేతగా ఉన్న కాయ శనివారం వర్షానికి బడి మూతపడి, ఆదివారం గడిచి, సోమవారానికి ముదిరి పీచు కడుతుంది. దసరా సెలవులకు రెండు వారాల పాటు తోట ఒంటరిదవుతుంది. తిరిగొచ్చేసరికి బీరకాయలు పీచులా ఎండి, చిక్కుళ్లు గింజ కట్టి, టమాటాలన్నీ ఒక్కసారే పండి ఉంటాయి. చలికాలం చివర్లో మరీ ఎక్కువ. ఒక రోజు పిడికెడు, ఇంకో రోజు తట్టెడు. వంటమ్మకు కావలసింది రోజూ ఐదు కిలోలు. ఈ ఎగుడుదిగుడును సర్దలేకనే చాలాచోట్ల మొదటి ఏడాది ఉత్సాహం రెండో ఏడాదికి ఉండటం లేదు. ముదిరిన బెండను విత్తనానికి వదలడం, ఎక్కువైన టమాటను ఒరుగులు చేయడం తెలిస్తే ఇదే సమస్య పాఠమవుతుంది.

టమాట ఒరుగుల సంగతే చూడండి. టమాటలో దాదాపు 94 శాతం నీరే. కిలో పళ్లను చక్రాలుగా కోసి, ఉప్పు, చిటికెడు పసుపు పట్టించి, శుభ్రమైన బట్ట మీద పరిచి, పైన పలుచటి నూలు బట్ట కప్పి సూర్యాపేట ఎండలో మూడు నాలుగు రోజులు పెడితే వంద గ్రాములకు కాస్త తక్కువ మిగులుతుంది. ఆరో తరగతి పిల్లలు ప్రతి సాయంత్రం తూచి రాసుకుంటే అది శాతాల లెక్క. మొదటి రోజు బరువు ఎందుకంత తగ్గింది, మూడో రోజు ఎందుకు తగ్గలేదు అని అడిగితే అది ఆవిరీభవనం. రెండు గిన్నెలు పెట్టి ఒకదాంట్లో ఉప్పు పట్టించిన ముక్కలు, ఇంకోదాంట్లో ఉత్త ముక్కలు ఉంచితే, మర్నాటికి ఉప్పు గిన్నెలో ఊట దిగుతుంది, ఉత్త గిన్నెలో రెండు రోజులకే బూజు పడుతుంది. ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలోని సూక్ష్మజీవుల పాఠానికి దీనికంటే మంచి ప్రయోగం ప్రయోగశాలలో దొరకదు. దీనికి అద్దె లేదు, పరికరం లేదు.

మామిడి ఒరుగుల్లో ఇంకో మెలిక ఉంది. కాయ ముక్కలకు ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెడితే నీరు ఊరుతుంది. ముక్కల్ని తీసి ఎండబెట్టి, సాయంత్రం మళ్లీ ఆ ఊటలోనే వేస్తారు. ఊటంతా ముక్క పీల్చుకునేదాకా ఇలా తిప్పుతారు. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది, పులుపు సూక్ష్మజీవిని ఎదగనివ్వదు. పీహెచ్ 4.6 కంటే తక్కువున్న పుల్లటి పదార్థంలో ప్రాణాంతకమైన బొట్యులిజం సూక్ష్మజీవి పెరగలేదని శాస్త్రం చెబుతుంది. పచ్చి మామిడి, చింతకాయ, ఉసిరి, నిమ్మ ఆ హద్దుకు చాలా కిందే ఉంటాయి. నిల్వ పచ్చళ్లకు మనవాళ్లు ఎంచుకున్న కాయల్లో ఎక్కువ భాగం పుల్లనివే కావడం యాదృచ్ఛికం కాదు, తరాల తరబడి చూసి నేర్చుకున్నది.

ఫ్రాన్స్‌లో నికోలా అపెర్ ఆహారాన్ని సీసాలో మూసి మరిగించి నిల్వ చేసే పద్ధతిని 1810లో పుస్తకంగా వేసినప్పుడు, అది ఎందుకు పనిచేస్తుందో ఆయనకూ తెలియదు. పాశ్చర్ వచ్చి చెప్పడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. మన ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలది కూడా అదే కోవ. కందిపప్పుకు ఆముదం పట్టిస్తే పురుగు రాదని తెలుసు, కరివేపాకును నీడలోనే ఆరబెట్టాలని తెలుసు. నీడలో ఆరిన ఆకులో విటమిన్ ‘ఎ’గా మారే కెరోటిన్ ఎక్కువ నిలుస్తుందనీ, ఎండ దాన్ని తినేస్తుందనీ బడి చెప్పాలి. బిడ్డ ఇంటికెళ్లి నాయనమ్మను అడిగి పద్ధతి రాసుకొస్తుంది, టీచర్ దానికి కారణం జోడిస్తారు. ఈ రాకపోకలో ఇద్దరికీ గౌరవం దక్కుతుంది. ఏ వర్క్‌షీటూ ఇవ్వలేనిది ఇది.

కొన్ని నమ్మకాలను అక్కడే సరిచేయాలి కూడా. నెలసరిలో ఉన్న ఆడపిల్ల ముట్టుకుంటే పచ్చడి పాడవుతుందన్న మాట ఇంకా చాలా ఇళ్లలో ఉంది. పచ్చడి పాడయ్యేది తడి గరిటెతో. రెండు చిన్న సీసాల్లో పచ్చడి పెట్టి, ఒకదాంట్లో పొడి చెంచా, ఇంకోదాంట్లో తడి చెంచా రోజూ ముంచి వారం పది రోజులు చూస్తే తరగతిలో ఉన్న అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకేసారి తెలిసిపోతుంది. ఆ ప్రయోగానికి ఉపన్యాసం అక్కర్లేదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పచ్చడిలో ఉప్పెక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకే రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలంటోంది. కాబట్టి కూరగాయల బదులు తొక్కు వేసి భోజనం అయిందనిపించే వీలు ఏ బడికీ ఇవ్వకూడదు. పిల్లలకు ఎక్కువగా నేర్పాల్సింది ఎండబెట్టడం: టమాట, దోస, కాకర, గోకరకాయ ఒరుగులు, మునగాకు పొడి, కరివేపాకు పొడి. తొక్కు ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. జాడీ మీద పెట్టిన తేదీ, తెరిచిన తేదీ రాసే అలవాటు మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి.

ఈ జిల్లాకు బడితోట అవసరమనడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకర్లు పోయిన పిల్లల ఫొటోలు నల్గొండ పేరును దేశమంతా తీసుకెళ్లాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ ‘నల్గొండ పద్ధతి’ అనే పేరే పెట్టింది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పరిస్థితి మారింది. అయితే ఫ్లోరోసిస్ పోషకాహారంతో ముడిపడిన జబ్బు అన్న సంగతి మరుగున పడకూడదు. చింతపండు తిన్న పిల్లల్లో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతున్నట్టు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించారు. శరీరానికి తగినంత కాల్షియం అందుతున్నవారిలో ఫ్లోరైడ్ దెబ్బ తగ్గుతుందని కూడా తెలుసు. వంద గ్రాముల మునగాకులో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. బడి ఆవరణలో ఒక చింతచెట్టు, రెండు మునగ చెట్లు, ఒక నిమ్మ, ఒక ఉసిరి, ఒక కరివేపాకు అంటే అలంకారం కోసం నాటినవి కావు. పైగా ఇవి ఎండాకాలం సెలవులను తట్టుకుని నిలుస్తాయి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువ కనుక ఒక్క తోటతో రక్తహీనత పోదు. పప్పు మీద నిమ్మరసం పిండితే ఆ ఇనుము మరికొంత పడుతుంది. ఆ చిన్న సంగతి పిల్లలకు తెలిస్తే ఇంటికి చేరుతుంది.

బడిలో తోట కొత్త ఆలోచనేమీ కాదు. 1937 అక్టోబరులో వార్ధా సమావేశంలో గాంధీ పనితో కూడిన చదువును ముందుకు తెచ్చారు. జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్యక్రమం రాసింది. 1964–66 కొఠారి కమిషన్ ‘పని అనుభవం’ అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ ‘సమాజోపయోగ ఉత్పాదక పని’ అంది. నేటి తెలంగాణ పాఠ్యక్రమంలో పని విద్యకు చోటుంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తులు నేర్చుకోమంది. పేర్లు మారినంత తేలిగ్గా కాలపట్టిక మారలేదు. పరీక్షలు దగ్గరపడగానే పని విద్య పీరియడ్‌ను లెక్కల టీచర్ అడిగి తీసుకుంటారు. మార్కులు లేని పనికి మన వ్యవస్థలో చోటు దొరకడం కష్టం. ఒరుగుల తూకం లెక్కల పరీక్షలోకి, బూజు ప్రయోగం జీవశాస్త్రం ప్రాజెక్టు మార్కుల్లోకి వెళ్తే ఆ పీరియడ్ మిగులుతుంది.

తల్లిదండ్రుల వైపు నుంచి వచ్చే ఒక అభ్యంతరం బరువైనది. ‘మట్టి పని తప్పించడానికే కదా బడికి పంపుతున్నాం, అక్కడా తవ్వమంటారా?’ నాట్లు వేసి, కలుపు తీసి నడుం విరిగిన తల్లి ఈ మాట అంటే దాన్ని తీసిపారేయకూడదు. ప్రభుత్వ బడికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది దళిత, గిరిజన, వెనుకబడిన కులాల కూలి కుటుంబాల వాళ్లే. కార్పొరేట్ బడిలో కోడింగ్ నేర్పుతూ ఇక్కడ గడ్డపార ఇస్తే అది చదువులో వివక్షే అవుతుంది. కాబట్టి తోట నిబంధనలు ముందే స్పష్టంగా ఉండాలి. శిక్షగా ఎవరినీ తోటలోకి పంపకూడదు. బరువు పని పెద్దవాళ్లది, పిల్లలది విత్తడం, కొలవడం, గమనించడం, కోయడం. వంతులు కులం చూడకుండా, ఆడ మగ తేడా లేకుండా పడాలి. పచ్చడి కలిపే రోజు అబ్బాయిలూ చేతులు కడుక్కుని కూర్చోవాలి. అప్పుడు ఆ తల్లి కూడా చూస్తుంది, తన బిడ్డ తూకం వేసి లెక్క రాస్తోందని.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మాచనూరులో నడిపిన పచ్చసాలె ఈ ప్రశ్నను ముందే ఎదుర్కొంది. పనికి పోయే పేద పిల్లలకు అక్కడ మామూలు పాఠాలతో పాటు వ్యవసాయం, వడ్రంగం, కుండల పని వంటివి నేర్పారు. విత్తనాలు దాచే దళిత మహిళలు ఆ సంస్థకు వెన్నెముక. వాళ్ల జ్ఞానాన్ని చదువుగా గుర్తించడం వల్లే అక్కడ పని విద్య చిన్నచూపు కాలేదు. వరి కాలువల కింద ఉన్న బడులకు మెట్ట భూముల పచ్చసాలె పద్ధతి యథాతథంగా కుదరదు. ఊళ్లోని పెద్దమ్మను తరగతికి పిలిచి, ఆమె చెప్పేది పిల్లలు నోటుబుక్కులో రాసుకోవడం మాత్రం ఏ ఊళ్లోనైనా కుదురుతుంది.

పల్లెల్లో బడితోటను నిజంగా చంపుతున్నవి మూడు: కోతులు, గోడ లేకపోవడం, వేసవి. కోతుల బెడదకు తెలంగాణ రైతులు కూరగాయలు, వేరుశనగ వేయడమే మానుకున్న ఊళ్లున్నాయి. బడి వాటికి ఇంకా సులువు. ఆదివారం కాపలా ఉండదు. అందుకే గుంట జాగా అంతా ఒకేసారి వేయడం కంటే నాలుగు చిన్న మళ్లు వేసి, వాటి మీద వల బిగించడం తెలివైన పని. 2022 మార్చిలో మొదలైన ‘మన ఊరు మన బడి’ పనుల జాబితాలో ప్రహరీ, నీళ్లు, వంటగది ఉండేవి. గోడ పూర్తయిన బడితో తోట మొదలుపెట్టాలి గానీ, తోట పెట్టి గోడ కోసం ఎదురుచూడకూడదు. వేసవి సంగతి మరింత కచ్చితం. ఏప్రిల్ నాలుగో వారంలో సెలవులిస్తే జూన్ దాకా నీళ్లు పోసేవారుండరు. అందుకే ఆకుకూరల మళ్లను మార్చిలోనే ముగించి, విత్తనం కట్టి, బూడిద కలిపి సీసాల్లో దాచి, మళ్ల మీద చెత్త కప్పి వదిలేయాలి. ఏప్రిల్ మొదటి పదిహేను రోజులు ఎండ ఎక్కువ, పరీక్షల మధ్య తీరిక కాస్త ఉంటుంది. ఒరుగులకు అదే అదను.

ఎరువు గురించి సూర్యాపేటకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు దశాబ్దాల కిందట ఈ పట్టణ పురపాలక సంఘం ఇంటింటికీ వెళ్లి తడి, పొడి చెత్తను వేరుగా సేకరించి, తడి చెత్తతో వానపాముల ఎరువు తయారుచేసింది. చెత్తకుండీలు లేని పట్టణంగా పేరు తెచ్చుకుని దేశంలోని ఇతర పురపాలక సంఘాలకు ఉదాహరణగా నిలిచింది. మధ్యాహ్న భోజనం వండే బడిలో రోజూ కూరగాయల తొక్కలు, కడిగిన బియ్యం నీళ్లు, పళ్లాల్లో మిగిలిన అన్నం ఉంటాయి. అవి బడి వెనుక గుంతలోకి వెళ్తే మూడు నెలల్లో ఎరువు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు, అందులో 60 శాతం ఇళ్ల నుంచే. ఈ అంకె పిల్లలకు దూరంగా అనిపించవచ్చు. తమ పళ్లాల్లో మిగిలినదాన్ని వారం పాటు తూచి బోర్డు మీద రాస్తే దూరం ఉండదు.

ప్రపంచ అనుభవం కూడా తోట ఒక్కటే చాలదనే చెబుతోంది. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం నేపాల్, భూటాన్, బుర్కినా ఫాసో వంటి దేశాల్లో బడితోటల మీద పరిశోధనలు చేసింది. నేపాల్‌లో బడితోట వల్ల పిల్లలకు కూరగాయల గురించి తెలివిడి పెరిగింది గానీ, వాళ్లు తినేది పెద్దగా మారలేదు. తర్వాత బడితోటను ఇంటి పెరటి తోటతో కలిపి, తల్లులకూ శిక్షణ ఇచ్చినప్పుడు పిల్లల పళ్లెంలో కూరగాయలు పెరిగాయి. పల్లెల్లో ఆ కలయికకు నిల్వ పద్ధతులే దగ్గరి దారి. ఒరుగులు చేయడం నేర్చుకున్న బిడ్డ ఇంటి డాబా మీద చేసి చూపిస్తుంది, పెరట్లో లేకపోయినా అంగట్లో టమాట చౌకగా ఉన్న వారం. తోట తీర్చలేని లోటుకు ఇంకో దారి ఉంది. బ్రెజిల్ 2009లో చేసిన చట్టం బడి భోజనానికి ఇచ్చే కేంద్ర నిధుల్లో కనీసం 30 శాతం చిన్న రైతుల నుంచి కొనడానికి ఖర్చు చేయాలంది. వరి మధ్యలో ఒకటి రెండు ఎకరాల్లో కూరగాయలు వేసే రైతుకు ఆ మాదిరి భరోసా కోదాడలోనూ, మిర్యాలగూడలోనూ దొరికితే బడికి కావలసిన పది క్వింటాళ్లలో తోట ఇవ్వలేని దాదాపు తొమ్మిది క్వింటాళ్లూ ఊళ్లోనే పండుతాయి.

పని మొదలుపెట్టడానికి కొత్త సంస్థలు అక్కర్లేదు. సూర్యాపేట జిల్లా గరిడేపల్లి మండలం గడ్డిపల్లిలో శ్రీ అరబిందో గ్రామీణాభివృద్ధి సంస్థ ఆధ్వర్యంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మిర్యాలగూడ వైపు కంపాసాగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఈ కేంద్రాల పనిలో పెరటి తోటలు, గృహ విజ్ఞానం, ఆహార నిల్వలో మహిళలకు శిక్షణ భాగమే. బడి వంట చేసే స్వయం సహాయక సంఘాల మహిళలను అదే శిక్షణకు పంపితే, బడిలో ఒరుగుల పాఠం చెప్పే గురువు వాళ్లలోంచే వస్తుంది. ఆ రోజులకు విడిగా వేతనం ఇవ్వాలి. గౌరవ వేతనం మీద నెట్టుకొస్తున్న వాళ్ల నెత్తిన ఇంకో పని ఉచితంగా పెట్టడం అన్యాయం. వేసవి నలభై యాభై రోజులు చెట్లకు నీళ్లు పోసేందుకు కూడా ఊళ్లో ఒకరికి కూలి కట్టాలి. 5,000 రూపాయల మార్గదర్శకంలో ఈ రెండు ఖర్చులూ చేరాలి.

మొదట గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు. 1971 నవంబరు 23న పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా గురుకుల విద్య మొదలైన సర్వేల్ ఈ ఉమ్మడి జిల్లాలోదే. గురుకులాలకు, కస్తూర్బాలకు జాగా ఉంది, ప్రహరీ ఉంది, మూడు పూటలా వంట ఉంది, ఆదివారాలు తోట చూసే పిల్లలున్నారు. వాటి తర్వాత గోడా నీళ్లూ రెండూ ఉన్న ఉన్నత పాఠశాలలు. జూన్ రెండో వారానికి వంగ, టమాట, మిరప నారు చేతికి రావాలంటే మే మొదట్లోనే నారుమడి పోయాలి. నారుమడి పోయాలంటే ఏ బడికి ఎన్ని మొక్కలో గడ్డిపల్లి, కంపాసాగర్ కేంద్రాలకు ముందే తెలియాలి. మండల విద్యాధికారులు ఏప్రిల్ సెలవులకు ముందు ఆ జాబితా పంపగలిగితే, వచ్చే విద్యా సంవత్సరం మొదటి పని విద్య పీరియడ్‌కే పిల్లల చేతిలో నారు ఉంటుంది.